తరుగు లేని మార్కు

మా నలుగురిలో ఎవరు ఏ సినిమా చూసినా, టీ వచ్చేదాకా దాని గురించి నోరు విప్పకూడదు. టీ వచ్చాక కూడా ముందు విప్పాల్సింది నోరు కాదు, వేళ్లు. పిడికిళ్లు రెండూ బల్ల కింద పెట్టుకోవాలి. గార్డ్ సాబ్ "ఏక్, దో, తీన్" అంటారు. అందరం ఒకేసారి చేతులు పైకి తీసి మార్కు చూపిస్తాం. పదికి ఎన్ని వేళ్లో అన్ని. పోట్లాట ఆ తర్వాతే.

ఈ పద్ధతి పెట్టింది నేనే. అంతకుముందు మా టైలర్ థియేటర్ మెట్ల మీదే మొదలుపెట్టేవాడు. ఆయన గొంతుకు మిగతా ముగ్గురి అభిప్రాయాలు కొట్టుకుపోయేవి. ఒకరి మాట ఇంకొకరి చెవిన పడ్డాక వచ్చే మార్కు కొలత కాదు, మర్యాద. అందుకని వేళ్లు.

సికింద్రాబాద్ స్టేషన్‌కు నడిచి వెళ్లేంత దూరంలో ఒక పాత థియేటర్ ఉంది. దాని ఎదురుగా ఇరానీ హోటల్. ఆదివారం ఉదయం ఆట, ఆట అయ్యాక టీ. మా వారానికి అదే పండగ.

టైలర్‌ది బోయిగూడ. ఆడవాళ్ల జాకెట్లు కుడతాడు. సూది పట్టుకున్నప్పుడు ఎంత నెమ్మదో, థియేటర్‌లో అంత గోల. నాలుక మడిచి రెండు వేళ్లు పెట్టి ఊదాడంటే ముందు వరసలో వాళ్లు తెరను వదిలి వెనక్కి తిరుగుతారు. ఆయన మార్కు ఎప్పుడూ తొమ్మిది. ఒకసారి సినిమాకు ముందు వేసిన ట్రైలర్‌కు కూడా తొమ్మిది ఇచ్చాడు.

"ఏందన్నా, పైసలు పెట్టి కూసుని పరేషాన్ అయితమా? జెర ఉషారుండాలె" అంటాడు.

గార్డ్ సాబ్ గూడ్స్ బండి గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉండేది మౌలాలిలో. ఉద్యోగమంతా బండి చివరి పెట్టెలో కూర్చుని, ముందు ఏం జరుగుతోందో తెలియకుండా గడిపిన మనిషి. సినిమా ఎక్కడైనా ఆగినట్టనిపిస్తే ఆయనకు సహించదు. "గీ పాట ఎందుకు? లైన్ క్లియర్ ఉన్నది గదా, పోనియ్యొచ్చు గదా" అని కుర్చీలో కదులుతారు. ఆయన మార్కు మూడు. బాగా నచ్చితే నాలుగు.

ఇక అక్క. శ్రీకాకుళం వైపు నుంచి పెళ్లై ఇక్కడికి వచ్చింది. మారేడ్‌పల్లిలో కర్రీ పాయింట్ నడుపుతుంది. సినిమాను కూర రుచి చూసినట్టు చూస్తుంది. ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని నాలుకకు తగిలించి, ఉప్పు చాల్లేదనో సరిపోయిందనో చెప్పేసినట్టు, వేళ్లు చూపిస్తుంది. ఊరంతా నెత్తిన పెట్టుకున్న సినిమాకు ఆమె ఐదు ఇచ్చిన రోజున టైలర్ సగం టీ వదిలేసి లేచి వెళ్లిపోయాడు. తర్వాతి ఆదివారం తనే మళ్లీ చూసి వచ్చి, "ఐదే అక్కా" అని ఒప్పుకున్నాడు. ఆమె ఎప్పుడూ, ఏ సినిమాకూ, ఆరు దాటలేదు.

నేను టైల్స్ షాపులో పనిచేస్తాను. బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది. లెక్కలు మాత్రం ఆగలేదు. గది పొడవు, వెడల్పు చెప్తే ఎన్ని పెట్టెలు పడతాయో కాగితం లేకుండా చెప్తాను. గోడ మూలకు వచ్చేసరికి టైల్ కోయాలి, కోసిన ముక్క వృథా అవుతుంది. అందుకని దానికి సరిపడా కొంత కలుపుకోవాలి. షాపులో దాన్ని వేస్టేజీ అంటాం, పాత మేస్త్రీలు తరుగు అంటారు.

సినిమా మార్కులకు కూడా తరుగు కట్టవచ్చని నాకు ఒక రోజు హోటల్లోనే తట్టింది. టైలర్ తొమ్మిదికీ గార్డ్ సాబ్ మూడుకూ సగటు కడితే వచ్చే ఆరుకు అర్థం లేదు. ఒకరిది ఉత్సాహం, ఒకరిది విసుగు. ఇద్దరి అలవాటునూ తీసేస్తే మిగిలేదే అసలు మార్కు. చాలా వారాలు గమనించి, టైలర్ మార్కులోంచి మూడు తియ్యాలనీ, గార్డ్ సాబ్ మార్కుకు రెండు కలపాలనీ తేల్చాను. అక్క మార్కుకు తరుగు లేదు. ఎటు నుంచి కొలిచినా ఆమె లెక్క సరిపోతూనే ఉంది. నాకు కూడా లేదని మిగతావాళ్లే తేల్చారు, పొగడ్తగా కాదు.

"అన్న పెండ్లిచూపులకు పోయినా ఆరున్నరే ఇస్తడు" అన్నాడు టైలర్.

నిజమే. ఆరు వేళ్లు చాపి ఏడోది సగం వంచడం నా అలవాటు.

మాకు ఇంకో అలవాటు కూడా ఉంది. అదే మమ్మల్ని ముంచింది. ఇంటర్వెల్‌లో సమోసాలు పట్టుకుని థియేటర్ వరండాలో ఒక స్తంభం పక్కన నిలబడతాం. అక్కడ ఫస్టాఫ్ మార్కు వేస్తాం. వేశాక పోట్లాడతాం. బెల్ కొడతారు, లోపల దీపాలు ఆరిపోతాయి, మేము ఇంకా స్తంభం దగ్గరే ఉంటాం. దీనికి గార్డ్ సాబ్ దగ్గర ఒక సిద్ధాంతం ఉంది.

"ఇంటర్వెల్ అయినంక ఫస్ట్ సీన్ల ఏముండదు భాయ్. సగం మంది బయటనే ఉంటరని వాళ్లకు సుత ఎరుకే. అసలు కథ ఆడ పెట్టరు."

ఎన్నో సినిమాలకు ఈ సిద్ధాంతం నిలబడింది. అందుకని ఎవరూ అనుమానించలేదు.

మొన్న వానాకాలంలో ఒక ఆదివారం అక్క టీ కలుపుకుంటూ, ఏదో ధర పెరిగిందని చెప్పినట్టు చెప్పింది.

"నేను సినిమాలో ఉన్నాను."

టైలర్ ఈల వేశాడు. హోటల్ కౌంటర్‌లో పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు.

జరిగింది ఇది. ఒక కుర్ర డైరెక్టర్ మారేడ్‌పల్లిలో అద్దెకు ఉంటూ రోజూ అక్క దగ్గరే కూర కొనుక్కునేవాడట. తన సినిమాలో పక్కింటావిడ వేషానికి మనిషి దొరక్కపోతే ఈమెను అడిగాడు. ఒక పూట పని. వెళ్లి చేసి వచ్చింది. మాకు చెప్పలేదు. ఇప్పుడు సినిమా వస్తోంది. ఈలోగా ఆ పూట ఆమెను చూసిన ఇంకొకాయన తన సినిమాలో పెద్ద వేషం ఇస్తానంటున్నాడు. హీరోయిన్ పిన్ని. షూటింగ్ రాజమండ్రిలో, నెల పైనే.

"అంటే నెల పైనే కొట్టు మూసెయ్యాలి" అంది అక్క. "ఎదురుగా కొత్త కర్రీ పాయింట్ ఎట్టారు. నేను తిరిగొచ్చేసరికి నా గిరాకీ అంతా ఆడి గరిటె కింద ఉంటాది. నాకు నిజంగా వస్తే ఎల్తాను. రాకపోతే గరిటే నయం."

"ఇంట్ల ఏమంటున్నరమ్మా?" అన్నారు గార్డ్ సాబ్.

"ఇంట్లో అందరూ పదికి పది ఇచ్చేసేరు. ఇంకా సూడకుండానే. ఇంటి పదికి విలువేటుంది?" టీ గ్లాసు పక్కకు జరిపి మా ముగ్గురినీ వరసగా చూసింది. "మీరు సూసి రండి. మార్కు ఎయ్యండి. ఆరు వస్తే ఎల్తాను. ఆరుకు తగ్గితే వొద్దనేస్తాను. వచ్చే ఆదివారం సాయంత్రం ఐదింటికి ఆయన ఫోన్ సేస్తాడు."

"ఏ సీన్ల వస్తవక్కా?"

"సెప్పను. సెప్తే ఆ ఒక్క సీనుకే కళ్లు తెరుస్తారు."

ఆ ఆదివారం ఆమె మాతో లోపలికి రాలేదు. తనను తాను అంత పెద్దగా చూసుకోలేనంది. కర్రీ పాయింట్‌ను వాళ్లాయనకు అప్పగించి హోటల్లో కూర్చుంది. మేము ముగ్గురం వెళ్లాం. టైలర్ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గార్డ్ సాబ్ దూరపు చూపు అద్దాలు తుడిచి తుడిచి పెట్టుకున్నారు.

చిన్న సినిమా. హాల్లో జనం పల్చగా ఉన్నారు. చీర కట్టుకున్న ఆవిడ ఎవరు తెర మీదికి వచ్చినా టైలర్ సగం లేచేవాడు. గార్డ్ సాబ్ చొక్కా పట్టుకుని కూర్చోబెట్టేవారు. పెళ్లి సీన్‌లో అంతమంది ఆడవాళ్లను ఒకేసారి చూపించేసరికి ముగ్గురం కుడి, ఎడమ, మధ్య అని తెరను పంచుకుని వెతికాం. లేదు. ఇంటర్వెల్ అయింది. సెకండాఫ్‌లో వస్తుందన్నమాట అనుకుని స్తంభం దగ్గరికి వెళ్లాం. ఫస్టాఫ్‌కు టైలర్ తొమ్మిది, గార్డ్ సాబ్ మూడు, నేను ఆరున్నర. హీరో ఇల్లు వదిలి రావడం సబబేనా అన్న దాని మీద గట్టిగా మాట పెరిగింది. బెల్ కొట్టారు. మాట తెగలేదు.

లోపలికి వచ్చి కూర్చుని చివరి పేరు దాకా చూశాం. అక్క లేదు.

మెట్ల మీద టైలర్ మొహం వాడిపోయింది. "కట్ జేసిన్రన్నా. మా అక్క సీన్ మొత్తం కట్ జేసిన్రు."

నాకూ అంతకన్నా కారణం తోచలేదు. చిన్న వేషాలు ఎడిటింగ్‌లో పోవడం వినే ఉన్నాం. అవతల హోటల్ అద్దంలోంచి అక్క కనిపిస్తోంది. చెంగు సర్దుకుంటోంది.

"ఎట్ల జెప్తం గా ముచ్చట?" అన్నాడు టైలర్. "నేనైతే జెప్ప. మస్తు జేసినవ్ అంట."

"లేని సీన్‌కు మార్కు ఎట్ల ఏస్తం తమ్మీ?" అన్నాను.

"నువ్వు ఎప్పటి ఆరున్నర ఎయ్యి. నీకేం తక్లీఫ్?"

ఇద్దరం గార్డ్ సాబ్ వైపు చూశాం. ఉద్యోగంలో ఒక్క నిమిషం తేడాను కూడా రాసి పెట్టిన మనిషి. ఆయన అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. "బిడ్డ మనసు ఖరాబ్ జేసుడు ఎందుకు" అన్నారు. అంతే, మెట్లు దిగాం.

టీ వచ్చింది. నియమం ప్రకారం వేళ్లు విప్పాలి. టైలర్ ఆగలేకపోయాడు.

"అక్కా, ఏడిపిచ్చినవ్! కసం, నా కర్చీఫ్ సూడు, తడిసింది."

అక్క మొహం వెలిగింది. మరుక్షణం ఆ వెలుగు మీద ఒక చిన్న ముడి పడింది. "ఏడిపించేనా?"

"అంటే... నవ్వుకుంట ఏడ్చినం."

"గార్డ్ సాబ్, మీరు సెప్పండి. డైలాగు ఎలా సెప్పేను?"

గార్డ్ సాబ్ గొంతు సవరించుకున్నారు. "గొంతు ఉన్నది సూడమ్మా, సాఫ్! వాకీటాకీల ఇన్నట్టు ఇనపడ్డది. ఒక్క మాట సుత తడబడలే."

"నువ్వు సెప్పు తమ్ముడూ."

నేను ఆరు వేళ్లు చాపి ఏడోది వంచాను.

అక్క మా ముగ్గురినీ చూసింది. తర్వాత బల్ల వైపు చూసింది. భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. తల ఎత్తేసరికి నవ్వుతోంది. కళ్లలోంచి నీళ్లు కారేంత నవ్వు.

"ఒలమ్మో! నాకు డైలాగే లేదర్రా! ఒక్క ముక్క కూడా లేదు! మాట్లాడకుండా సెయ్యాలన్నాడు ఆ గుంటడు!"

టైలర్ నా వైపు చూశాడు. నేను గార్డ్ సాబ్ వైపు చూశాను. గార్డ్ సాబ్ ఫ్యాన్ వైపు చూశారు.

"ఇంటర్వెల్ అవ్వగానే మొదటి సీనే నాది" అంది అక్క, కళ్లు తుడుచుకుంటూ. "మీరెక్కడున్నారు?"

టైలర్ మూతి తుడుచుకున్నాడు.

"సమోసా తింతన్నారా?"

"గదే..." అన్నాడు టైలర్. "జెర గరంగున్నయి అక్కా. ఊదుకుంట తిన్నం."

హోటల్ పెద్దాయన కూడా నవ్వాడు. అక్క నవ్వీ నవ్వీ ఆగింది. ఆగాక గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ మెల్లగా అంది. "ఇంటోళ్లు సూడకుండా పది ఇచ్చేరని మీ దగ్గరికొచ్చేను. మీరూ సూడకుండానే ఇచ్చేరు. ఐదింటికి ఆయనకి ఏటి సెప్పాలి నేను?"

ఆ మాటకు గార్డ్ సాబ్ లేచి నిలబడ్డారు. "మ్యాట్నీ ఉన్నది. లేవండి."

"నేనూ వొస్తాను" అంది అక్క. "మీరు ఈసారి నిజంగా సూసేరో లేదో నేనే సూస్తాను."

రోడ్డు దాటడం ఎలా దాటామో తెలియదు. ఒక సిటీ బస్సుకు గార్డ్ సాబ్ రైలుకు చూపినట్టు చెయ్యి చూపించారు, అదీ ఆగింది. కౌంటర్‌లో అతను మాత్రం టికెట్లు ఇవ్వలేదు. మ్యాట్నీకి ఇప్పటిదాకా నలుగురే వచ్చారట. పది మందైనా లేకపోతే ఆట వెయ్యరట. రేపటి నుంచి ఈ సినిమా తీసేస్తున్నారట.

"మేం నలుగురం, ఎనిమిది" అన్నాను. "ఇంకా ఇద్దరు."

ఆ మాట పూర్తి కాకముందే టైలర్ రోడ్డు మీద ఉన్నాడు. స్టేషన్ వైపు పోతున్న ఒక ఆటోకు అడ్డం నిలబడ్డాడు. లోపల పెద్ద పెట్టెతో ఒక ముసలాయన.

"తాతా, మీ బండి ఎన్నింటికి?"

"రాత్రికి నాయనా. ఎండన పడి ముందే వచ్చేశా."

"రాత్రి దాంక ప్లాట్‌ఫారం మీద కూసుంటరా? మా అక్క సినిమా సూడుండ్రి. గా నిలబడ్డది సూడు, హీరోయిన్ లెక్క. గామెనే."

ముసలాయన అక్కను ఎగాదిగా చూశాడు. "ఏసీ ఉందా?"

"కశ్మీర్ తాతా."

"అయితే పద."

ఆటో అతనికి ముసలాయన పెట్టెను మొయ్యక తప్పలేదు. మోసుకొచ్చాక అతన్ని కూడా వదల్లేదు. పది మంది అయ్యాం. కౌంటర్‌లో అతను వేలు పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి టికెట్లు చించాడు. లెక్క సరిగ్గా పదికి సరిపోయిందని నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఇంటర్వెల్ పడింది. దీపాలు వెలిగాయి. మేము కదల్లేదు. గార్డ్ సాబ్ ఒక చేత్తో నా మోచెయ్యి, ఇంకో చేత్తో టైలర్ మోచెయ్యి పట్టుకుని కూర్చున్నారు. వరండా నుంచి సమోసాల వాసన వస్తూనే ఉంది. ముసలాయన లేవబోయాడు.

"జెర ఆగు తాతా, మా అక్క సీన్ అయినంక పోదువు."

"ఆగేది కాదు నాయనా."

"ఉరుకు మరి! బెల్ కొట్టకముందే రావాలె!"

ఆయన పెట్టెను మాకు వదిలేసి నిజంగానే పరుగెత్తాడు, బెల్‌కు ముందే వచ్చాడు. మా వరసలో చప్పట్లు కొట్టాం.

దీపాలు ఆరాయి. తెల్లవారుజాము. ఇల్లు వదిలి వచ్చిన హీరో ఎవరిదో ఇంటి గుమ్మం ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరుచుకుంది. అక్క.

టైలర్ రెండు వేళ్లూ నోటి దాకా వెళ్లాయి. గార్డ్ సాబ్ చెయ్యి ఆ వేళ్ల మీద పడింది.

తెర మీద అక్క చేతిలో ముగ్గు గిన్నె ఉంది. అతన్ని చూసింది. లోపలికి వెళ్లి పళ్లెంలో అన్నం, కూర తెచ్చి పక్కన పెట్టింది. ఒక్క మాట లేదు. అతను తినడం మొదలుపెట్టాడు. అతను లేచేలా లేడు. ముగ్గు ఆగేలా లేదు. ఆమె వంగి అతని చుట్టూ చుక్కలు పెట్టడం మొదలుపెట్టింది. ఒకచోట అతని పాదం అడ్డం వచ్చింది. గిన్నెతో తట్టింది. అతను అన్నం నోట్లో ఉండగానే కాలు ఎత్తాడు. ఆ కాలి కింద ఒక చుక్క పెట్టి, మళ్లీ దించుకోమన్నట్టు తల ఊపింది. అతని చుట్టూ గీత తిరిగింది. ముగ్గు పూర్తయ్యేసరికి హీరో పువ్వు మధ్యలో కూర్చున్నట్టున్నాడు. ఆమె నడుం మీద చెయ్యి పెట్టి ముగ్గును చూసుకుంది, అతన్ని కాదు. తలుపు వేసుకుంది.

ముసలాయన పగలబడి నవ్వుతున్నాడు. ఆటో అతను నవ్వుతున్నాడు. ముందు వరసలో మాకు తెలియని నలుగురూ నవ్వుతున్నారు. నేను పక్కకు చూస్తే అక్క మొహం మీద చెంగు కప్పుకుని, దాని సందులోంచి ఒక కంటితో తెరను చూస్తోంది. టైలర్‌ను ఇక ఎవరూ ఆపలేకపోయారు. ఆ ఈల ఖాళీ హాల్లో గోడ నుంచి గోడకు తిరుగుతూ హీరో తర్వాతి డైలాగును మింగేసింది.

హోటల్‌కు వచ్చేసరికి ఐదు కావస్తోంది. ముసలాయన కూడా మాతోనే వచ్చాడు, మార్కు ఏమిటో తెలుసుకోకుండా రైలెక్కనన్నాడు. అక్క ఫోన్ బల్ల మధ్యలో పెట్టింది. టీ వచ్చింది. పిడికిళ్లు బల్ల కిందికి వెళ్లాయి.

"సీన్‌కే మార్కు. సినిమాకు కాదు" అన్నాను.

"ఏక్, దో, తీన్."

టైలర్ ఐదు చూపించాడు. తొమ్మిది తప్ప తెలియని మనిషి!

"ఏమనుకోకక్కా. చెయ్యి కుట్టు భుజం మీదికి పోయింది. ముగ్గెయ్యనీకి వంగినప్పుడల్లా జాకెట్ గుంజుతున్నది. నాకు గదే కనవడ్డది. ఎవడు కుట్టిండు గది? నువ్వు మంచిగ జేసినవ్, కానీ నాకు సూడబుద్ధి గాలే."

గార్డ్ సాబ్ ఎనిమిది చూపించారు. ఆయన చేతికి అన్ని వేళ్లున్నాయని ఆ రోజే తెలిసింది. "దాంట్ల యాక్టింగ్ లేదు. పని ఉన్నది, పని జేసింది, లోపటికి పోయింది. బండి టైంకు వచ్చింది, టైంకు పోయింది" అన్నారు.

నేను ఏడు చూపించాను. ఏడో వేలు వంచలేదు. ఆ చుక్కల మధ్య దూరం నేను చూశాను. కొలత లేకుండా, హీరో చుట్టూ తిరుగుతూ పెట్టినా ఎక్కడా వరస తప్పలేదు. మా షాపులో మేస్త్రీలకు దారం కట్టి చూపించినా అలా రాదు.

మనసులోనే లెక్క కట్టాను. తరుగుతో టైలర్ ఐదు రెండవుతుంది, గార్డ్ సాబ్ ఎనిమిది పదవుతుంది, నాది ఏడు. ముగ్గురికీ సగటు ఆరు పైనే. గట్టెక్కింది అని నోరు తెరవబోతే, అక్క చేతులు కూడా బల్ల మీద ఉన్నాయి. నాలుగు వేళ్లు.

"నీకు నువ్వే ఏసుకుంటవా?" అన్నాడు టైలర్.

"నేను ఈ బల్ల మనిషిని కానా? పళ్లెం ఎట్టినప్పుడు కెమెరా ఏపు సూసేసేను. ఒక్క సూపు. మీకు కనపళ్లేదా?"

ఎవరికీ కనపడలేదు. ముసలాయనకు కూడా. కానీ ఆమె చూశానంటే చూసినట్టే. అక్క మార్కుకు తరుగు లేదు.

మళ్లీ కట్టాను. రెండు, పది, ఏడు, నాలుగు. ఇరవై మూడు. నలుగురికి ఐదు ముప్పావు. ఆరుకు పావు తక్కువ.

నా మొహంలోనే వాళ్లకు అర్థమైంది. "ఎంత?" అన్నారు గార్డ్ సాబ్. చెప్పాను. టైలర్ తన ఐదు వేళ్లను తనే తిట్టుకున్నాడు. "ఇంకోటి లేపుతనన్నా" అన్నాడు. "లేపకు" అంది అక్క. బల్ల మీద ఫోన్ మోగింది.

ఆమె వెంటనే తియ్యలేదు. మా నలుగురి చూపూ ఫోన్ మీదే. ఆ మోతలో నాకు ఒక మూల గుర్తొచ్చింది, గది మూల. కోసినప్పుడే కదా తరుగు. నేను ఆ టైల్‌ను కోశానా?

"ఆగక్కా" అన్నాను. "తరుగు తప్పు కట్టిన. తమ్మి తొమ్మిదిల మూడు ఎందుకు తీస్తం? గది సోయి లేకుండ ఇచ్చే మార్కు గనక. ఇయ్యాల సోయి తోటి ఐదు ఇచ్చిండు, కుట్టు జూసి ఇచ్చిండు. దాంట్ల తీసేటిదేమున్నది? గార్డ్ సాబ్ మూడు ఇస్తే ఇసుగుకు రెండు కలుపుతం. ఇయ్యాల ఆయనకు ఇసుగే రాలే. కోయని టైల్‌కు తరుగు ఉండదు."

"నా కోసం తిప్పుతన్నావా లెక్క?" అంది అక్క, సూటిగా.

"నీ కోసమైతే నీ నాలుగును తీసేసేటోన్ని. అది అట్లనే ఉన్నది. ఐదు, ఎనిమిది, ఏడు, నాలుగు. ఇరవై నాలుగు. నలుగురికి ఆరు. ఎక్కువ లేదు, తక్కువ లేదు."

అక్క తన వేళ్ల మీద తనే కూడుకుంది. పెదవులు కదిలాయి. ఫోన్ ఇంకా మోగుతోంది. ఎత్తింది.

"ఆఁ, నేనేనండి... సూసేనండి, ఇప్పుడే... వస్తానండి."

టైలర్ లేచి ముసలాయనను కౌగిలించుకున్నాడు. గార్డ్ సాబ్ జేబులోంచి పచ్చ రుమాలు తీసి గాల్లో ఊపారు. ఎప్పటి నుంచి దాచుకున్నారో. అక్క మాకు చెయ్యి అడ్డం పెట్టి, ఫోన్‌లో ఇంకో మాట చెప్పింది.

"ఒక్కటే అండి. జాకెట్లు మాత్రం మా టైలరే కుడతాడు. బయటోడు కుడితే నేను ఒంగలేను."

ఫోన్ పెట్టగానే టైలర్‌కు తొందర పుట్టింది. కొలత ఇప్పుడే తీసుకుంటానన్నాడు. ఆదివారం గనక మెడలో టేపు లేదు. "అన్నా, నీ టేపియ్యి" అన్నాడు. నా జేబులో ఎప్పుడూ ఉండేది స్టీలు టేపు, గదులు కొలిచేది. తీసి ఇచ్చాను. చర్రున లాగాడు.

"ఇనప టేపుతో జాకెట్టు కొలతా?" అక్క కుర్చీ వెనక్కి దూకింది. "తరుగు ఎంత పోతాదో సూడు, సెయ్యి తెగిపోతాది!"

టేపు పట్టుకుని ఆయన, బల్ల చుట్టూ ఆమె. ముసలాయన తన పెట్టె మీద కూర్చుని వాళ్లిద్దరినీ చూస్తూ, ఎవరూ అడక్కుండానే, పది వేళ్లూ చూపించాడు.